కొట్టుకునే గుండెను కాదు, లాక్టేట్‌ని చూడండి: ఓసీఎస్ హార్ట్ మీద ఒక పర్‌ఫ్యూజనిస్ట్ రివ్యూ

ఓసీఎస్ హార్ట్, అంటే దాత గుండెను రక్తం పారిస్తూ ఆస్పత్రికి తీసుకెళ్లే ఈ మెషిన్ గురించి ఎవరితో మాట్లాడినా మొదటి ప్రశ్న ఒకటే: "డబ్బాలో గుండె నిజంగానే కొట్టుకుంటుందా?" కొట్టుకుంటుంది. దాత ఒంట్లోంచి తీసిన గుండె పారదర్శకమైన మూత కింద తన పని తాను చేసుకుపోతుంటే చూసేవాళ్లు నోరు తెరుచుకుని నిలబడిపోతారు. ఆపరేషన్ థియేటర్లో హార్ట్ లంగ్ మెషిన్ నడపడం నా వృత్తి కాబట్టి నా సలహా వేరు. ఆ కొట్టుకోవడం చూసి మురిసిపోకండి.

పాత ఐస్ బాక్స్ సంగతి తెలిసిందే. గుండెను ఆపే చల్లటి ద్రావణం ఎక్కించి, సంచుల్లో కట్టి ఐస్‌లో పెడతారు. చవక, తేలిక, మొరాయించడానికి అందులో మోటారు కూడా లేదు. కానీ నాలుగు గంటలు దాటుతుంటే అందరికీ టెన్షన్ మొదలవుతుంది. పైగా లోపల గుండె ఎలా ఉందో, కొత్త ఛాతీలో కుట్టి రక్తం వదిలేదాకా తెలియదు.

ట్రాన్స్‌మెడిక్స్ వాళ్ల ఆర్గన్ కేర్ సిస్టమ్, అంటే మేం ఓసీఎస్ అనేది, ఇక్కడే వేరు. చక్రాల బండి మీద పంపు, ఆక్సిజన్, బ్యాటరీలు, రక్తాన్ని వేడిచేసే ఏర్పాటు ఉంటాయి. దాత నుంచే లీటరుకు పైగా రక్తం తీసుకుని, 34 డిగ్రీల దగ్గర అయోర్టాలోకి, అంటే గుండె నుంచి బయలుదేరే పెద్ద ధమనిలోకి పంపిస్తాం. అయోర్టా మొదట్లో ఉండే కవాటం మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ రక్తానికి గుండె కండరానికి రక్తం అందించే కరోనరీ ధమనులే దారి. సూత్రం కొత్తదేమీ కాదు, జర్మన్ శాస్త్రవేత్త లాంగెన్‌డార్ఫ్ 1895లోనే జంతువుల గుండెల మీద చేసి చూపించాడు. దాన్ని విమానం ఎక్కించేంత చిన్నది చేయడమే ఈ కంపెనీ గొప్పతనం.

అయితే ఈ అమరికలో ఎడమ జఠరిక, అంటే ఒంటికి రక్తం నెట్టే గది, ఖాళీగా ఉంటుంది. బరువు మోయకుండా ఊరికే ముడుచుకుంటుంది. రేపు ఒక మనిషి ఒళ్లంతటికీ రక్తం నెట్టగలదా అన్న ప్రశ్నకు ఈ కొట్టుకోవడం జవాబు కాదు. జవాబుకు దగ్గరగా వచ్చేది లాక్టేట్, కండరానికి ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం. లోపలికి వెళ్లే రక్తంలో, బయటికొచ్చే రక్తంలో రెండుచోట్లా శాంపిల్ తీస్తాం. బయటికొచ్చే దాంట్లో తక్కువుంటే గుండె లాక్టేట్‌ని తింటోందని అర్థం, అది మంచి కబురు. మొత్తం మీద లీటరుకు 5 మిల్లీమోల్స్ దాటి పెరుగుతూ పోతే సర్జన్ ముఖం మారుతుంది. ఫోన్లో ఆయన పలకరింపు కూడా ఉండదు, "ఎంత?" అంటాడంతే.

ఈ అంకె మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. ఈ మెషిన్‌ని ఐస్‌తో పోల్చిన ప్రొసీడ్ 2 ట్రయల్ ఫలితాలు 2015లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. 30 రోజులకు బతికున్నవాళ్లు మెషిన్ గుంపులో 94 శాతం, ఐస్ గుంపులో 97 శాతం. ఐస్‌కి తీసిపోదని తేలింది, మించిందని కాదు. లాక్టేట్ పెరిగిందని మెషిన్ మీదున్న కొన్ని గుండెల్ని ఆ ట్రయల్‌లో అమర్చకుండా వదిలేశారు. అవి ముందే పాడైన గుండెలా, మెషిన్ మీద పాడయ్యాయా? ఐస్‌లో పెట్టుంటే అమర్చేసేవాళ్లేమో, బాగానే పనిచేసేవేమో. ఈ వాదన మా వాళ్లలో ఇంకా నడుస్తూనే ఉంది.

కానీ రక్తప్రసరణ ఆగి చనిపోయిన దాతల విషయానికొస్తే నా గొణుగుడు ఆగిపోతుంది. ఆ గుండె వేడి ఒంట్లోనే రక్తం అందక కాసేపు అల్లాడి ఆగిపోయి ఉంటుంది. దాన్ని మళ్లీ నడిపించి చూడకుండా అమర్చడానికి చాలామందికి ధైర్యం చాలదు. 2014లో సిడ్నీలోని సెయింట్ విన్సెంట్స్ ఆస్పత్రి బృందం ఇలాంటి గుండెల్ని ఈ మెషిన్ మీద లేపి అమర్చింది. 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ప్రచురించిన ట్రయల్‌లో అలాంటి గుండె పొందినవాళ్లు ఆరు నెలలకు 94 శాతం బతికున్నారు, బ్రెయిన్ డెడ్ దాతల గుండెను ఐస్‌లో తెచ్చే మామూలు పద్ధతిలో పొందినవాళ్లు 90 శాతం. వృథాగా పోయే గుండెలు మనుషుల్లో కొట్టుకుంటున్నాయి. ఈ ఒక్క పనికి ఐదు స్టార్లూ ఇస్తాను.

మిగతాదానికి మూడు. ఒక్కసారి వాడి పారేసే మాడ్యూలుకే పదుల వేల డాలర్లు. బండి బరువు. వెంట శిక్షణ ఉన్న మనిషి ఉండాల్సిందే, అక్కడ నా ఉద్యోగానికి ఢోకా లేదనుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, దారిలో పంపు ఆగితే వెచ్చటి గుండెకు వ్యవధి ఉండదు. ఐస్ కరగడానికి గంటలు పడుతుంది. ఇంకోటి చాలామందికి తెలియదు: ఇంత చేసినా మెషిన్ మీద నుంచి తీసేముందు గుండెను మళ్లీ చల్లబరిచి ఆపాల్సిందే. కుట్లు పడేవరకూ అది రక్తం లేకుండానే ఉంటుంది.

పోటీగా ఎక్స్‌వివో వాళ్ల హార్ట్ బాక్స్ ఉంది. అందులో గుండె కొట్టుకోదు, 8 డిగ్రీల దగ్గర నిద్రపోతుంటే ఆక్సిజన్ ఉన్న ద్రావణం మెల్లగా పారుతుంది. చూడ్డానికి సినిమా ఏమీ ఉండదు. బ్రెయిన్ డెడ్ దాత, దూరప్రయాణం అయితే నేను దానివైపే మొగ్గుతాను, పంపు ఆగినా గుండె చల్లగానే ఉంటుంది కాబట్టి.

ఓసీఎస్ తర్వాతి మోడల్ చేసేవాళ్లకు నా కోరిక ఒక్కటే. ఎడమ జఠరికలోకి కాస్త రక్తం నింపి, అది ఎంత గట్టిగా నెట్టగలదో దారిలోనే కొలిచే వీలు పెట్టండి. అప్పుడు సర్జన్ "ఎంత?" అన్నప్పుడు లాక్టేట్‌తో పాటు ఆ అంకె కూడా చెబుతాను.