ఎద్దుకాలు వాద్యం: పాడేవారు కొనుక్కోదగినది

దక్షిణ చైనాలోని గ్విచౌ, హునాన్, గ్వాంగ్షీ ప్రాంతాల కొండపల్లెల్లో నివసించే దోంగ్ ప్రజల కమాను వాద్యాన్ని చైనా భాషలో ‘న్యూతుయ్‌ఛిన్’ అంటారు. ఎద్దుకాలు వాద్యం అని దాని అర్థం. సన్నగా, పొడవుగా తొలిచిన ఆ కొయ్యను చూశాక పేరు ఎందుకు వచ్చిందని ఎవరూ అడగరు. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించుకున్న ఈ వాద్యాన్ని నల్గొండలో మా ఇంట్లో నాలుగు నెలలుగా వాయిస్తున్నాను.

దీనికి ఉన్నవి రెండే తీగలు. వాటిని స, ప లుగా శ్రుతి చేస్తారు. చైనాకే చెందిన మరో కమాను వాద్యం అర్హూలో కమాను వెంట్రుకలు రెండు తీగల మధ్య చిక్కుకొని ఉంటాయి గాని, ఇందులో కమాను విడిగా ఉండి వయొలిన్ మాదిరిగానే తీగల పైనుంచి నడుస్తుంది. అడుగు భాగాన్ని ఎడమ రొమ్ముకు ఆనించి, తలభాగాన్ని కిందికి వాల్చి పట్టుకోవాలి. పాశ్చాత్య పద్ధతిలో దవడ కింద వయొలిన్ నొక్కి పట్టేవారికి ఇది వింతగా ఉండవచ్చు కాని, బాసింపట్టు వేసుకొని వయొలిన్ తలను పాదం మీద నిలిపే మన కర్ణాటక సంగీత విద్యార్థులకు ఒక్క పూటలో చేతికి వస్తుంది.

నాదం చిన్నది, కాస్త బొంగురుది. మొదటి వారం నిరాశపడ్డాను, ఎందుకంటే దీనిమీద కర్ణాటక సంగీతపు వర్ణం వాయించి చూడటం నా తప్పు. దోంగ్ పల్లెల్లో ఇది పాటకు తోడుగా మోగే వాద్యం. 2009లో యునెస్కో జాబితాకెక్కిన వారి మహాగానం మాత్రం వాద్యమే లేకుండా బృందం పాడేది. అమ్మకందారు ప్రకటన ఆ రెంటినీ కలిపేసింది. పాలమూరు పన్నెండు మెట్ల కిన్నెర మీటే వాద్యం, ఇది కమానుతో పలికేది. అయినా కిన్నెరను వినేటప్పుడు మొగులయ్య గొంతును వదిలి తీగలను మాత్రమే ఎవరు వింటారు? ఆ సంగతి గుర్తుకు వచ్చాక, రెండు తీగలను కలిపి లాగుతూ మా అమ్మ దగ్గర నేర్చిన నాటు పాట ఒకటి పాడితే, గొంతు ఆగిన చోటల్లా వాద్యం ఊపిరి పట్టి నిలిపింది.

లోపాలు లేకపోలేదు. రవాణా, కస్టమ్స్ సుంకం కలిసి ఖర్చు దాదాపు రెట్టింపైంది. కమానుకు రాసే రోజిన్ పెట్టెలో లేదు, వాడుక సూచనలన్నీ చైనా లిపిలోనే ఉన్నాయి. అన్నిటికన్నా పెద్ద చిక్కు తీగలను బిగించే బిరడాలతో వచ్చింది: ఎండలు ముదిరి గాలి పొడిబారేసరికి అవి వదులై, పాట సగంలో ఉండగానే శ్రుతి జారిపోయేది. ఉత్తరం ఇచ్చినా అమ్మకందారు నుంచి జవాబు రాలేదు. చివరకు బిరడాలకు సుద్దపొడి రాసి, కిటికీకి దూరంగా గుడ్డసంచిలో ఉంచుతున్నాను. ఇప్పుడు గంటసేపు శ్రుతి నిలుస్తోంది.