శివారులో ఫ్లాటా, ఇండిపెండెంట్ ఇల్లా? ముందు నీళ్ల లెక్క చూడండి

హైదరాబాద్‌లో ఉప్పల్ దాటాక ఇల్లు కొనాలనుకునేవాళ్లు ఈ మధ్య నన్ను అడిగేది ఒకటే. "అన్నా, కాస్త అటూ ఇటూగా అదే డబ్బుకి త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ తీసుకోవాలా, నూటయాభై గజాల్లో ఇండిపెండెంట్ ఇల్లు తీసుకోవాలా?" మేం బోడుప్పల్‌లో ఒక ఫ్లాట్‌లో నాలుగేళ్లు అద్దెకున్నాం. రెండేళ్ల కిందట నారపల్లి దగ్గర పాత ఇండిపెండెంట్ ఇల్లు కొనుక్కుని వెళ్లాం. రెండిట్లోనూ ఉన్నాను కాబట్టి అడిగినవాళ్లందరికీ చెప్పేది ఇక్కడ ఒకేసారి రాస్తున్నా.

లోను, రిజిస్ట్రేషన్, ఫ్లాట్‌కి వచ్చే భూమి వాటా, ఇవన్నీ కొనేవాళ్లకి తెలిసినవే. ప్రయాణం గురించి కూడా పెద్దగా చెప్పేదేం లేదు. ఫ్లాట్‌లో ఉన్నా, సొంత గేటున్నా వరంగల్ హైవే మీద ఫ్లైఓవర్ పిల్లర్ల పక్కనుంచి ఉప్పల్ రావాల్సిందే, అక్కడ మెట్రో ఎక్కాల్సిందే. ఘట్‌కేసర్ నుంచి లింగంపల్లికి 2024 మార్చిలో ఎంఎంటీఎస్ లోకల్ రైలు వచ్చింది గానీ, దాని టైమింగ్స్ మీ ఆఫీసుకి కుదిరితేనే ఉపయోగం.

నా లెక్కలో తేల్చాల్సింది నీళ్లే. మన కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. అందుకే ఒకింట్లో మూడు వందల అడుగులకే పడతాయి, పక్కింట్లో ఎనిమిది వందలు వేసినా దుమ్మే లేస్తుంది. మా కాలనీలో ఇలాంటి ఇళ్లు పక్కపక్కనే ఉన్నాయి. వాటర్ బోర్డు పైపులైను పడిన చోట్ల కొంత నయం. అక్కడా రోజు విడిచి రోజు ఒక గంట వస్తే గొప్ప. మిగతా అంతా బోరు, లేకపోతే ట్యాంకరు.

మేం ఉన్న అపార్ట్‌మెంట్‌లో ఇరవై ఫ్లాట్లకీ కలిపి ఒకటే బోరు. మార్చి దాకా ఏ టెన్షన్ ఉండేది కాదు. ఏప్రిల్ రాగానే పొద్దున అరగంట, సాయంత్రం అరగంట మాత్రమే నీళ్లు వదిలేవాళ్లు. అమ్మ ఐదింటికే లేచి బకెట్లు, గుండిగలు, చివరికి కుక్కర్ కూడా నింపిపెట్టేది. నల్లా తిప్పితే ముందు బుస్సుమని గాలి, ఆ తర్వాత ఎర్రటి నీళ్లు, అవి పోయాకే వాడుకునే నీళ్లు. ట్యాంకర్లు తెప్పిస్తే ఖర్చు ఇరవై ఇళ్లకీ సమానంగా పడేది. ఇద్దరున్న ఇంటికీ ఆరుగురున్న ఇంటికీ ఒకటే వాటా. ప్రతి మీటింగ్‌లోనూ దాని మీదే గొడవ. ఎవరినీ తప్పుపట్టలేం. ఎవరు ఎంత వాడారో చెప్పే మీటరే లేనప్పుడు పొదుపుగా వాడినవాళ్లకి ఒరిగేదేముంది?

సొంతింట్లో నీళ్లు పొంగిపొర్లుతున్నాయని అనను. పోయిన మేలో మా బోరు కూడా సన్నబడింది. తేడా ఏంటంటే, ఎంత ఉందో నాకు తెలుసు. మా సంపు, అంటే నేలలో కట్టిన నీళ్ల తొట్టి, పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఐదడుగుల లోతు, అంటే దాదాపు 8,500 లీటర్లు. మూత పక్కనే ఒక వెదురు కర్ర పెట్టుకున్నాం. అడుగుకొకచోట పెయింట్‌తో గీత గీశాను. కర్ర ముంచి తీస్తే తడి ఎంత ఎత్తుకి అంటిందో చూడగానే, ఈ రోజు బట్టలు ఉతకచ్చా, రేపటికి ఆపాలా అన్నది అమ్మే చెప్పేస్తుంది.

ఇక వాన లెక్క. ఇల్లు మారాక తొలి వానాకాలంలోనే ఇది నాకు అర్థమైంది. మా డాబా 900 చదరపు అడుగులు. 5 సెంటీమీటర్ల వాన ఒకటి గట్టిగా పడితే దాని మీద 4,000 లీటర్లకు పైగా పడతాయి. దాదాపు ఒక ట్యాంకరు. అదే ఇరవై ఫ్లాట్లున్న అపార్ట్‌మెంట్ డాబా 5,000 అడుగులనుకుంటే, అదే వానకి ఒక్కో ఇంటి వాటా 1,100 లీటర్ల చిల్లర. ఫ్లాట్‌లో ఎంత పొదుపుగా ఉన్నా ఆ వాటా పెరగదు. హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 80 సెంటీమీటర్ల వాన పడుతుంది. ఆవిరయ్యేది, తొలివానకి డాబా కడిగి వదిలేసేది తీసేసినా మా డాబా మీద 50 వేల లీటర్లు మిగులుతాయి. మనిషికి రోజుకి 135 లీటర్లని సర్కారు లెక్క. ఆ ప్రకారం నలుగురికి ఏడాదికి దాదాపు రెండు లక్షల లీటర్లు కావాలి. అందులో నాలుగో వంతు మన నెత్తిమీదే పడుతోంది.

మేం చేసిందల్లా డాబా నీళ్లు దిగే పైపుని ఒక చిన్న ఫిల్టర్ తొట్టి మీదుగా సంపులోకి మళ్లించడం. సంపు నిండాక మిగిలినవి బోరు పక్కన తవ్విన ఇంకుడు గుంతలోకి వెళ్తాయి. గుంతలోకి దిగిన నీళ్లు మన బోరుకే వస్తాయని గ్యారంటీ లేదు, పగుళ్ల దారి ఎటుంటే అటు పోతాయి. అందుకే ముందు సంపు, తర్వాత గుంత. అపార్ట్‌మెంట్‌లో ఇదే చేద్దామంటే ఇరవై మంది ఒప్పుకోవాలి. మేం అడిగిచూశాం, ఒప్పుకోలేదు.

ఫ్లాట్ మేలైన చోట్లు కూడా ఉన్నాయి. ఇండిపెండెంట్ ఇంట్లో బోరు ఎండితే కొత్త బోరు ఖర్చు మొత్తం మీదే, పంచుకునేవాళ్లు ఉండరు. 2020 అక్టోబర్‌లో ఒక్క రోజులో ఘట్‌కేసర్‌లో 30 సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. అలాంటప్పుడు పల్లంలో ఉన్న ఇళ్లలోకి నీళ్లు వస్తాయి, పార్కింగ్ పైన కట్టిన ఫ్లాట్లలోకి రావు. ఊరెళ్తే ఇంటికి తాళం వేసి వెళ్లడం కూడా భయమే. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది అమ్మ సంగతి. బోడుప్పల్‌లో సాయంత్రం కాగానే కిందికి దిగి నలుగురు ఆడవాళ్లతో కూర్చునేది. ఇక్కడ గేటు వేసుకుంటే ఎవరికి వాళ్లే. మాట్లాడే తోడు దొరకడానికి ఏడాది పట్టింది. పగలంతా పెద్దవాళ్లు ఒంటరిగా ఉండే ఇల్లయితే, వాటర్ బోర్డు కనెక్షన్ ఉన్న అపార్ట్‌మెంట్ దొరికినప్పుడు ఫ్లాటే తీసుకోమంటాను. మిగతా వాళ్లకి నా మాట ఇండిపెండెంట్ ఇల్లే.

గేటెడ్ విల్లాలు మా బడ్జెట్‌లో లేవు, కాబట్టి వాటి గురించి చెప్పను. ప్లాటు కొని పడేసి సిటీలో అద్దెకుంటామనేవాళ్లు ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసే స్కీము) సంగతి, చెరువు ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ హద్దు) మ్యాపు చూసుకుంటే చాలు. ఎఫ్‌టీఎల్ మాత్రం ఇల్లు కొనేవాళ్లూ చూసుకోవాల్సిందే.

చూడటానికి వెళ్తే మే నెలలో, పొద్దున ఆరింటికి వెళ్లండి. ఓనర్‌ని కాదు, వీధి చివర కిరాణా షాపాయన్ని అడగండి, రోజుకి ఎన్ని ట్యాంకర్లు వస్తున్నాయని. అపార్ట్‌మెంట్ అయితే పోయిన ఏప్రిల్, మే మెయింటెనెన్స్ బిల్లులు చూపించమనండి. ఇల్లయితే సంపు మూత తీయించండి. మా ఆఫీసులో ఒకమ్మాయి ఈ ఆదివారం అన్నోజిగూడలో రెండిళ్లు చూడటానికి వెళ్తోంది. తనకీ ఇదే చెప్పాను, టార్చి మర్చిపోవద్దని కూడా.