రూట్ 6 ఎర్రగీత కోసం పాత అమెరికా రోడ్డు మ్యాప్ కొంటున్నారా?

1940ల్లో అమెరికా పెట్రోల్ బంకుల్లో ఊరికే ఇచ్చిన మడత మ్యాపులివి. ఇప్పుడు అమ్మేవాళ్లు పక్కన అమెరికా రచయిత జాక్ కెరొవాక్ పేరు రాసి ధర పెంచుతున్నారు. పేరుకి డబ్బులివ్వకండి గానీ, లంకె మాత్రం నిజమే. తన ప్రయాణాల మీద ఆయన రాసిన, 1957లో వచ్చిన ‘ఆన్ ద రోడ్’ నవలలో కథానాయకుడు శాల్ పారడైజ్ నెలల తరబడి మ్యాపులు తిరగేస్తాడు. కేప్ కాడ్ కొస నుంచి నెవాడాలోని ఈలీ దాకా వెళ్లి, అక్కణ్నుంచి లాస్ ఏంజెలెస్‌కి దిగే రూట్ 6 హైవే ఎర్రగీత పట్టుకుని పోదామనుకుంటాడు. తీరా హడ్సన్ నది మీది బేర్ మౌంటెన్ వంతెన దగ్గరే జోరువానలో ఇరుక్కుంటాడు. చాలాసేపు ఎక్కించుకునే బండే కనపడదు. చివరికి వెనక్కొచ్చి షికాగో బస్సెక్కుతాడు.

తప్పెక్కడ జరిగిందో మ్యాపులోనే తెలుస్తుంది, కాకపోతే దేశం మొత్తం ఒకే కాగితం మీదున్న దాంట్లో కాదు. 2,800 మైళ్ల వెడల్పు మూడడుగుల్లో పట్టాలంటే అంగుళానికి దాదాపు 80 మైళ్లు. అందులో గీత ఉంటుంది, దారి ఉండదు. పెన్సిల్వేనియా రాష్ట్రపు షీటు విప్పి చూడండి. రూట్ 6 ఉత్తరపు అడవుల గుండా పోతుంది, దాని మీద చెప్పుకోదగ్గ పెద్ద ఊరు స్క్రాంటన్ ఒక్కటే. కింద, పిట్స్‌బర్గ్ వైపు 1940లో తెరిచిన టర్న్‌పైక్ (టోల్ కట్టి వెళ్లే పెద్ద రోడ్డు) ఉంది. నవలలో ఆ వానలో చివరికి శాల్ కోసం కారాపినాయన ఇచ్చే సలహా కూడా అదే: హాలండ్ టన్నెల్ దాటి పిట్స్‌బర్గ్ దారి పట్టమని. అందుకే చదువుకోవడానికి రాష్ట్రాల షీట్లు కొనండి, దేశపు మ్యాపు గోడకి చాలు.

కాలం తేల్చడానికి కాలిఫోర్నియా చూడండి. రూట్ 6 లాంగ్ బీచ్ దాకా ఉంటే 1937కీ 1964కీ మధ్యది, బిషప్‌లో ఆగిపోతే ఆ తర్వాతది. ఇంటర్‌స్టేట్ (1956 తర్వాత వచ్చిన దేశవ్యాప్త హైవేలు) డాలు గుర్తు కనిపిస్తే కెరొవాక్ బయల్దేరిన 1947 నాటిది కాదని వదిలేయొచ్చు.

కొత్తగా అచ్చేసి పాతదని అంటగట్టేవీ ఉన్నాయి. పది రెట్ల భూతద్దం కింద ఎర్రగీత చూడండి. పాతదాంట్లో ఎరుపు సిరా నిండుగా, తెగకుండా పరుచుకుని ఉంటుంది. స్కాన్ చేసి అచ్చేసినదైతే గీత గులాబీ, పసుపు చుక్కలుగా విడిపోతుంది.

నిలువు మడతా అడ్డ మడతా కలిసేచోట చిల్లులు పడటం మామూలే, దానికి ధర తగ్గించమని అడగండి చాలు. జపనీస్ టిష్యూ (పల్చగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం) పట్టీని గోధుమ గంజితో అతికించొచ్చు. రెండువైపులా అచ్చుంటుంది కాబట్టి పట్టీ సన్నగా ఉండాలి. సెలోటేపు అంటించిన కాపీ మాత్రం వద్దు. జిగురు గోధుమరంగుకి తిరిగి కాగితంలోకి ఇంకిపోతుంది, టేపు లాగితే ఎర్రగీతా దాంతోపాటే లేచొస్తుంది.