చిక్కటి యాంటీబాడీ ద్రావణాలకు 3 మి.మీ. సెంటర్‌పీస్: కొనొచ్చు, కానీ అగ్రిగేట్ల (గుంపుకట్టిన అణువుల) లెక్కకు కాదు

మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఉండే అడాలిముమాబ్ అనే యాంటీబాడీ మందు లాంటి ఇంజెక్షన్ ద్రావణాన్ని పలచన చేయకుండా ఏయూసీలో (అణువులు అడుగుకు దిగే వేగాన్ని కాంతితో కొలిచే అనలిటికల్ అల్ట్రాసెంట్రిఫ్యూజ్‌లో) తిప్పాలంటే మామూలు 12 మి.మీ. సెంటర్‌పీస్ (నమూనా పోసే ముక్క; మి.మీ. అంటే అందులో కాంతి దాటే దారి పొడవు) పనికిరాదు. ఐజీజీ (ఈ రకం యాంటీబాడీ) 280 నానోమీటర్ల దగ్గర మిల్లీలీటరులోని ఒక్కో మిల్లీగ్రాముకు, సెంటీమీటరు దారికి సుమారు 1.4 ఓడీ (కాంతిని అడ్డుకునే కొలత) చూపిస్తుంది. ఆ లెక్కన 12 మి.మీ.లో 168 ఓడీ, 3 మి.మీ.లో కూడా 42. రెండూ పరికరం చదవలేనంత ఎక్కువ. కాబట్టి అబ్సార్బెన్స్‌ను (ద్రావణం పీల్చిన కాంతి కొలతను) పక్కన పెట్టి ఇంటర్‌ఫెరెన్స్‌కే (గాఢతను కాంతి చారల, అంటే ఫ్రింజ్‌ల, జరుగుదలగా చూపే పద్ధతికే) వెళ్లాలి. అందులో 12 మి.మీ.కు దాదాపు 330 ఫ్రింజ్‌లు వస్తే, 3 మి.మీ.లో 82 చుట్టూ ఆగుతాయి. ఈ చిన్న ముక్క సంపాదించుకునే గౌరవం ఇదే.

నమూనా ఆదా కూడా బాగుంది: సెక్టారుకు (సెంటర్‌పీస్‌లోని ఒక్కో గదికి) 400 మైక్రోలీటర్ల బదులు 100 చాలు. బిగింపులో మాత్రం ఓపిక కావాలి. రెండు పక్కలా స్పేసర్లు పెట్టాలి, విండోలు సఫైర్‌వే వాడాలి. క్వార్ట్జ్ వేగానికి వంగి ఫ్రింజ్‌లను పాడుచేస్తుంది. టార్క్ 120–140 ఇంచ్-పౌండ్లు. జెల్ లోడింగ్ టిప్‌తో నెమ్మదిగా నింపండి. తేనెలా జారే ద్రావణం కింద గాలి చిక్కితే సెక్టారు నిండినట్టే కనిపిస్తుంది. 3,000 ఆర్‌పీఎం స్కాన్‌లో మెనిస్కస్ (ద్రావణం పై అంచు) అడుగువైపు జరిగి, కాలమ్ పొట్టిగా తేలుతుంది. అప్పుడే ఆపి మళ్లీ నింపడం మేలు. పోలిక కోసం ఉండే రెఫరెన్స్ సెక్టారులో నమూనాను డయాలిసిస్ చేసిన బఫరే పోసి, రెండు మెనిస్కస్‌లూ ఒకే ఎత్తులో ఉంచాలి. లేదంటే మానిటాల్ (మందులో కలిపే చక్కెర లాంటి పదార్థం) కూడా కదిలి, ప్రోటీన్ సిగ్నల్‌లో కలిసిపోతుంది.

ఇక అసలు పరిమితి. దారి తగ్గితే కాంతి సమస్య తగ్గుతుంది, అణువుల మధ్య తోపులాట తగ్గదు. కేఎస్ (గాఢతతో వేగం ఎంత తగ్గుతుందో చెప్పే గుణకం) గ్రాముకు 10 మి.లీ. అనుకుంటే, 100 మి.గ్రా. దగ్గర 6.5 ఎస్ (అణువు దిగే వేగానికి కొలత) కాస్తా 3.25 అవుతుంది. బౌండరీ (కిందికి దిగే ప్రోటీన్ అంచు) నిటారుగా నిలబడి కాంతిని వంచుతుంది, ఆ చోట ఫ్రింజ్‌లు మసకబారతాయి. వేగం తగ్గిస్తే కొంత నయం. జాన్‌స్టన్–ఆగ్‌స్టన్ ప్రభావం ఇంకా మోసం చేస్తుంది: వేగంగా వెళ్లే అగ్రిగేట్ల వెనక మోనోమర్ (ఒంటరి అణువులు) పోగుపడి, అగ్రిగేట్లు ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తాయి. అందుకే అగ్రిగేట్ల శాతాన్ని ఈ సెంటర్‌పీస్ కొలత నుంచి రిపోర్టులో రాయకండి. ఏయూసీ డేటాను విశ్లేషించే సెడ్‌ఫిట్ సాఫ్ట్‌వేర్‌లోని నాన్‌ఐడియల్ మోడల్ (తోపులాటను లెక్కలోకి తీసుకునేది) కొన్ని పదుల మి.గ్రా. వరకు సాయపడుతుంది, 100 దగ్గర దాన్ని గుడ్డిగా నమ్మలేం.

దీని నిజమైన విలువ వరుస కొలతల్లో ఉంది. 1 మి.గ్రా.ను 12 మి.మీ.లో, 10, 30, 60, 100లను 3 మి.మీ.లో తిప్పి, 1/ఎస్‌ను గాఢత ఎదుట గీయండి. సరళరేఖ వస్తే తోపులాటే. గాఢత పెరిగేకొద్దీ బిందువులు ఆ రేఖ కిందికి జారితే అణువులు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. పలచన చేస్తే విడిపోయే ఆ అతుకును చూపించగలిగేది ఈ ముక్కే.