‘వైల్డ్‌ఫ్లవర్ మిక్స్’ గింజల ప్యాకెట్: కుండీకైతే సరే, గుట్టకు వద్దు

రేటింగు: 5కి 2

ఆన్‌లైన్‌లో ‘వైల్డ్‌ఫ్లవర్ మిక్స్’ పేరుతో దొరికే ప్యాకెట్లలో సాధారణంగా ఉండేవి కాస్మాస్, జిన్నియా, గైలార్డియా, కాలెండులా, కార్న్‌ఫ్లవర్, కాలిఫోర్నియా పాపీ. మన అడవిపువ్వు ఒక్కటీ లేదు. కాస్మాస్, జిన్నియా మెక్సికోవి, గైలార్డియా, పాపీ ఉత్తర అమెరికావి, మిగతా రెండూ యూరప్ వైపువి. ‘నేటివ్’ అని రాసి, లోపలున్న మొక్కల శాస్త్రీయ నామాలు రాయని ప్యాకెట్టయితే కొనకండి.

అసలు చిక్కు సీజనుతో. కాస్మాస్, జిన్నియా మన దగ్గర వానలకు బాగా వస్తాయి. కార్న్‌ఫ్లవర్, పాపీలకు చలి కావాలి, అక్టోబరు-నవంబరులో వేయాలి. రెండు రకాలనీ కలిపేశారు కాబట్టి ఎప్పుడు చల్లినా సగం దండగే. జూన్‌లో చల్లితే కాస్మాస్ నడుమెత్తు లేచి, చిన్నవాటికి ఎండ తగలనివ్వదు. ‘మార్చిలో విత్తండి’ అన్న సూచన చలిదేశాల లెక్క. ఇక్కడ ఆ మొలకలు ఏప్రిల్ ఎండకు మాడతాయి.

కుండీల్లో రంగుల కోసమైతే వేసుకోవచ్చు. గింజలకు నాలుగింతల పొడి ఇసుక కలిపి చల్లి, పైన పల్చగా మట్టి కప్పితే చాలు. చెరువు గట్ల మీద, గుట్టల మీద మాత్రం విసరొద్దు, సీడ్‌బాల్స్‌లో (గింజలు పెట్టి విసిరే మట్టి ఉండల్లో) అసలే వద్దు. నారింజరంగు కాస్మాస్ గింజ రాలి, మరుసటి ఏడు తనంతట తానే మొలుస్తుంది. ఇప్పుడు కలుపైపోయిన పులికంపను (లాంటానా) కూడా 19వ శతాబ్దం మొదట్లో తోటలకు అందమనే తెచ్చారు. వయ్యారిభామను పీకలేక చస్తున్న చోట డబ్బు పెట్టి ఇంకోదాన్ని చల్లడం దేనికి?

సీతాకోకచిలుకలు వస్తాయన్న ప్రచారం సగమే నిజం. తేనె తాగడానికి ఈ పూలమీదా వాలతాయి కానీ గొంగళిపురుగులకు మేత వేరే ఉండాలి: కొన్ని రకాలకు జిల్లేడాకు, కొన్నింటికి తంగేడాకు.

ఆరుబయలు జాగాకు తంగేడే మేలు. చెట్టుమీదే ఎండిన కాయలు కోసి గింజలు తీయండి. పెంకు గట్టిది, అలాగే వేస్తే చాలావరకు మొలవవు. నీళ్లు మరగబెట్టి పొయ్యి దించాక గింజలు వేసి, రాత్రంతా నాననిచ్చి, ఉబ్బినవాటిని అర అంగుళం లోతున నాటండి. మృగశిర కార్తెలో వాన నేలను బాగా తడిపాక వేస్తే మంచిది. తల్లివేరు లోతుకు పోతుంది, పెరిగాక పీకి మార్చితే బతకడం కష్టం; అందుకే ఉండాల్సిన చోటే విత్తాలి. నీరు నిలిచే పల్లంలో వేయకండి, వేరు కుళ్లుతుంది.