కాలితో తొక్కే కుట్టుమిషన్: ఇద్దరు పిల్లల తల్లిగా నా అనుభవం

నల్ల హెడ్డు, ఇనప స్టాండు, చెక్క బల్ల, తోలు బెల్టు. ఈ మిషన్ లేని వీధి మా కోనసీమలో ఉండదు కాబట్టి అది ఎలా ఉంటుందో వర్ణించను. నేను రాసేది దాని తొక్కుడు గురించి. మోటారు పెట్టించుకోమని ఇంట్లో అందరూ చెప్పినా నేను ఇంకా కాలితోనే తొక్కుతున్నాను. ఎందుకో చెప్పాలని చాలా కాలంగా అనుకుంటున్నాను.

మాది రాజోలు వైపు, వశిష్ఠ గోదావరి ఒడ్డున ఒక లంక. పుట్టిల్లు పాలకొల్లు. పెళ్ళికి నాన్న కొన్న ఈ మిషన్ సారెతో పాటు చించినాడ వంతెన మీదుగా ఆటోలో మా ఇంటికి వచ్చింది. మా ఆయన కువైట్‌లో ఉంటారు. అత్తగారు, మావయ్యగారు, పక్క వాటాలో మరిది, తోటికోడలు ఉంటారు. ఇంటికి పెద్ద వరండా ఉంది, మిషన్ అక్కడే ఉంటుంది. ఈ సంగతులన్నీ ముందే చెప్తున్నాను, ఎందుకంటే వేరే రకం ఇంట్లో ఉండేవాళ్ళకి నా మాట అంతగా పనికి రాకపోవచ్చు.

పెద్దవాడు కడుపులో ఉన్నప్పుడు దీన్ని బాగా వాడాను. పుట్టకముందే బిడ్డకి కొత్తబట్టలు కుట్టకూడదని మా వైపు పట్టింపు. పాత బట్టకి ఆ పట్టింపు లేదు. మావయ్యగారి పంచెలు ఉతికి ఉతికి మెత్తబడి ఉంటాయి కదా, గోచీలకి అంతకు మించిన బట్ట నాకు ఇప్పటికీ దొరకలేదు. నీరు బాగా పీలుస్తుంది, ఎండలో వేస్తే గంటలో ఆరిపోతుంది. చతురస్రంగా చింపి, అంచు రెండు మడతలు వేసి కుట్టి, అదే బట్టతో సన్నని తాళ్ళు పెట్టేదాన్ని. చిన్న జుబ్బాలకైతే కుట్లు బయటివైపుకి వచ్చేలా కుట్టమని అమ్మ చెప్పింది. పురిటిబిడ్డ ఒంటికి కుట్టు ఒరుసుకుంటే ఎర్రగా కందిపోతుంది. తాళ్ళు కూడా మెడ దగ్గర పెట్టనివ్వలేదు, పొట్ట పక్కకి ముడి వచ్చేలా పెట్టించింది.

గోచీలు ఏ మిషన్ మీదైనా కుట్టుకోవచ్చు. తొక్కుడు విలువ తెలిసేది బొంత దగ్గర. అత్తగారి పాత బండారులంక నేత చీరలు నాలుగు పొరలు వేసి, మధ్యలో చేత్తో వరసలుగా కుట్టి, అంచులు మాత్రం మిషన్ మీద వేస్తాం. మూలల దగ్గర అంచు మడత పడేసరికి ఆ నాలుగు పొరలు ఎనిమిది అవుతాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అక్కడ కాలు ఆపేసి, కుడిచేత్తో పై చక్రాన్ని మెల్లగా తిప్పుతూ సూదిని ఒక్కో పోటే దింపుకోవచ్చు. మూల దాటాక మళ్ళీ కాలు. బట్ట ఎంత గట్టిగా ఉందో ఆ బరువు పాదానికి తెలుస్తుంది. బిగుసుకుంటున్నట్టు అనిపించగానే ఆగిపోవచ్చు.

మా తోటికోడలు ఇలాంటి మిషన్‌కే మోటారు పెట్టించింది. జాకెట్లు కుట్టి డబ్బులు తీసుకునే మనిషి కాబట్టి ఆమెకి వేగం కావాలి, ఆమె చేతికి అది చక్కగా లొంగుతుంది కూడా. కానీ వాళ్ళ బాబుకి బొంత కుడుతుంటే మూల దగ్గర మోటారు ఒక్కసారిగా లాగేసి సూది పుటుక్కున విరిగింది. విరిగిన మొన కనపడలేదు. అది బొంతలోనే ఉండిపోయిందేమోనని ఆ అంచంతా విప్పి, అయస్కాంతం పెట్టి వెతికాం. చివరికి బల్ల కింద దొరికింది. పసిబిడ్డ పడుకునే బట్టలో సూదిమొన అన్న ఆలోచనకే నాకు కాళ్ళు వణికాయి. మోటారు వద్దు అన్న నా పట్టుదల అక్కడ మొదలైంది.

దాన్ని ఖాయం చేసింది మాత్రం 2022 జులై వరద.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆసారి అది కూడా దాటిపోయి, బ్యారేజీ నుంచి సముద్రంలోకి 25 లక్షల క్యూసెక్కులకి పైగా నీరు వదిలారు. 1986 వరద చూసిన మా మావయ్యగారు కూడా జులైలోనే ఇంత నీరేమిటని ఆశ్చర్యపోయారు. మా పాప అప్పటికి నెలబిడ్డ. పెద్దవాడి బడి పోకూడదని రెండో కాన్పుకి నేను పుట్టింటికి వెళ్ళకుండా అమ్మే మా ఇంటికి వచ్చింది.

రాత్రి దొడ్లోకి నీళ్ళు వచ్చాయి. బియ్యం, గ్యాస్ బండ, పిల్లల బట్టలు, కాగితాలు అన్నీ ఎదురింటి పెదమావయ్యగారి మేడ మీదకి చేరవేశారు. మిషన్ సంగతి వచ్చేసరికి మావయ్యగారు "ఇనప స్టాండు కదమ్మా, నీళ్ళలో ఉంటే ఏమవుతుంది, తీశాక చూసుకుందాం" అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. బల్ల వెనక రెండు మరలు వదులు చేస్తే హెడ్డు ఊడి వస్తుంది. ముందు దాన్ని చీరలో చుట్టి తనే పట్టుకెళ్ళింది. తెల్లారేసరికి స్టాండు పాదం పెట్టే పలక దాకా మునిగి ఉంది. మరిది, ఇంకో అబ్బాయి నీళ్ళలో దిగి దాన్ని కూడా మోసుకొచ్చారు.

మేడ మీద మేం నాలుగు కుటుంబాలం. కరెంటు లేదు. వాన ఆగదు. ఎక్కడ చూసినా తాళ్ళ మీద ఆరని బట్టలే. పాపకి సాంబ్రాణి పొగ వేసే బుట్ట ఉంది కదా, దాన్ని బోర్లించి పైన గోచీలు ఆరబెట్టేవాళ్ళం, కానీ బొగ్గులు కూడా తడిసిపోతుంటే ఎన్నని ఆరతాయి? దుకాణంలో కొన్న డైపర్ల ప్యాకెట్టు అయిపోయింది. పడవల్లో బియ్యం, పప్పు, పాలప్యాకెట్లు, మంచినీళ్ళు వస్తున్నాయి. డైపర్లు కావాలని ఎవరిని అడుగుతాం? తడి గోచీ మీద తడి గోచీ వేస్తుంటే పాప తొడల దగ్గర ఎర్రగా రేగడం మొదలైంది.

అప్పుడు పెదమావయ్యగారు తన పంచెల మూట తీసి ముందు పడేశారు. నేను లేచి మిషన్ దగ్గరికి వెళ్ళబోతే అమ్మ అడ్డం వచ్చింది. "పచ్చి బాలింతవి. ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. దాని మీద కాలు పెట్టావంటే ఊరుకోను" అంది. తోటికోడలు "మీరు కూర్చోండి అక్కా, నేను కుడతాను" అని తనే బల్ల దగ్గరికి జరిగింది. ఆమె మోటారు మిషన్ కూడా మేడ ఎక్కింది కానీ కరెంటు లేకపోతే అది పని చేయదు కదా. చాలా ఏళ్ళుగా కాలితో తొక్కని మనిషి. మొదట్లో చక్రం వెనక్కి తిరిగి దారం చిక్కుపడి తెగిపోయేది. నేను మంచం మీద నుంచే "చేత్తో ముందుకి తిప్పి అప్పుడు కాలు వెయ్యి" అని చెప్పాను. కాసేపటికి కాలు పాత అలవాటు గుర్తు తెచ్చుకుంది. ఇక ఆ చప్పుడు పగలంతా ఆగలేదు.

అమ్మ చింపుతుంటే, అత్తగారు అంచులు మడత పెడుతుంటే, ఆమె కుట్టుకుంటూ పోయింది. మా పాపకి సరిపడా అయ్యాక, అదే మేడ మీద ఉన్న ఇంకో బాలింత బిడ్డకి. ఆ తర్వాత ఆడవాళ్ళం మెల్లగా మాట్లాడుకుని నెలసరి గుడ్డలు కూడా కుట్టించుకున్నాం. వరదల్లో ఆడవాళ్ళు పైకి చెప్పుకోని ఇబ్బంది అదే. ఎవరూ అడగరు, ఎవరూ తేరు. పాత చీర నాలుగు మడతలు వేసి చుట్టూ ఒక కుట్టు వేస్తే చాలు, జారదు, పోగులు ఊడవు. ఆ పని చేతి సూదితో చేయాలంటే అంతమందికి ఎప్పటికి అవుతుంది?

ఒక సాయంత్రం జల్లు వరండాలోకి కొట్టేస్తుంటే 18 నంబరు లావు సూది ఎక్కించి, ఖాళీ బియ్యం బస్తాలు విప్పి ఒకదానికొకటి జత చేసి పరదా కుట్టారు. ఒక సూది విరిగింది. కానీ పరదా నిలబడింది, పిల్లలు దాని వెనక పొడిగా పడుకున్నారు. మా ఆయనకి ఫోన్ కలిసినప్పుడు నేను చెప్పిన మొదటి మంచి మాట అదే.

ఇప్పుడు మిషన్‌కి జరిగిన నష్టం. నీళ్ళు తీశాక స్టాండు కీళ్ళలో ఒండ్రు గట్టిపడింది. తొక్కితే కీచుమని అరిచేది, చక్రం సగంలో ఆగిపోయేది. రాజోలు నుంచి రిపేరు అబ్బాయి వచ్చి మొత్తం ఊడదీసి, కిరసనాయిల్‌తో కడిగి, బేరింగులు, బెల్టు మార్చాడు. హెడ్డుకి ఏమీ కాలేదు. స్టాండు మాత్రం మునుపటిలా లేదు. వరదకి ముందు పాదం ఆనిస్తే చాలు తిరిగేది, ఇప్పుడు కొంచెం బలం పెట్టాలి.

దీనిలో ఇబ్బందులూ ఉన్నాయి. వానాకాలంలో తోలు బెల్టు సాగిపోతుంది. కాలు తిరుగుతుంది కానీ పై చక్రం జారుతుంది. క్లిప్పు తీసి కాస్త ముక్క కోసి మళ్ళీ బిగించుకోవాలి. ఎండాకాలం వచ్చేసరికి అదే బెల్టు బిర్రుగా అయి తొక్కుడు బరువెక్కుతుంది. సముద్రపు గాలి కూడా ఉంది కాబట్టి సూది కింద పలక తుప్పు పట్టి తెల్లగోచీల మీద మరకలు పడతాయి. వాడనప్పుడు నూనె రాసిన గుడ్డ ముక్క పెట్టి, సూది దగ్గర బట్టని నొక్కిపట్టే ఇనప పాదాన్ని దాని మీదకి దింపి ఉంచుతాను. నూనె వేశాక మొదట చెత్త గుడ్డ మీద కుట్టి, నూనె రావడం ఆగాకే పిల్లల బట్ట పెడతాను.

జిగ్‌జాగ్ కుట్టు రాదు, కాబట్టి అంచులన్నీ మడిచి కుట్టాల్సిందే. సాగే బనియన్ బట్ట మీద నా మిషన్ కుట్లు వదిలేస్తుంది. పిల్లల టీషర్టులు, లెగ్గింగులు కుట్టుకుందామనుకునేవాళ్ళు దీని మీద ఆశ పెట్టుకోకండి. నేను కుట్టేవి నేత బట్టలు, పాప గౌన్లు, మిగిలిన ముక్కలతో చేతిసంచులు, గుమ్మానికి వేలాడే తోరణాలు. అమ్మ నరసాపురం అల్లిక లేసు అల్లి పంపుతుంది, గౌను అంచు గుండ్రంగా తిరిగే చోట ఆ లేసుని అతకడానికి మాత్రం ఈ నిదానమే కావాలి.

దీని చప్పుడుకి పిల్లలు నిద్రపోతారని చాలామంది అంటారు. పెద్దవాడు నిజంగానే పడుకునేవాడు. పాప ప్రతిసారీ లేచి ఏడ్చేది. చేతులూ కాళ్ళూ రెండూ పనిలో ఉంటాయి కాబట్టి బిడ్డ లేస్తే మొత్తం వదిలేయాల్సిందే, ఉయ్యాల ఊపుతూ కుట్టడం కుదరదు.

చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది కింది చక్రం దగ్గర. పాప పాకడం మొదలుపెట్టినప్పుడు పెద్దవాడు కాలితో తొక్కే పలక మీద కూర్చుని ఊగుతుంటే, ఇటు పాప చక్రంలో వేలు పెట్టబోయింది. అత్తగారు చూసి లాగేశారు. ఆ రోజు నుంచి లేచిన ప్రతిసారీ బెల్టుని కింది చక్రం మీద నుంచి తప్పించేస్తాను, అప్పుడు పైన సూది కదలదు. కింద చక్రానికి కూడా ఒక పాత దుప్పటి అడ్డం కడతాను.

ఆపరేషన్ తర్వాత చాలా నెలలు నేను దీన్ని ముట్టుకోలేదు. తర్వాత కూడా ఎక్కువసేపు తొక్కితే నడుము పట్టేస్తుంది. స్టాండు బరువెక్కాక కుడి మోకాలు కూడా కాస్త లాగుతోంది. కాబట్టి కొత్త బాలింతలకి ఇది కొనుక్కోండి అని నేను చెప్పను. కొనాలనుకుంటే కడుపుతో ఉన్నప్పుడు నాలుగో, ఐదో నెలలోనే కొని, ఒంట్లో ఓపిక ఉన్నప్పుడే గోచీలు, బొంతలు కుట్టుకుని పెట్టుకోండి. హైదరాబాదులో చిన్న అద్దె ఇంట్లో ఉండే మా చెల్లికైతే మడిచి పెట్టుకునే చిన్న కరెంటు మిషనే నయమని నేనే చెప్పాను, ఆమె అదే కొంది, బాగానే ఉందంటోంది.

వాడిన మిషన్ కొనేవాళ్ళు మాత్రం హెడ్డు మెరుపు చూసి మోసపోకండి. బెల్టు తీసేసి ఒక్క కాలితో కింది చక్రం తిప్పి చూడండి. వదిలేశాక అది దానంతటదే కొన్ని చుట్లు తిరగాలి. వెంటనే ఆగిపోతే, కీళ్ళలో ఏదో ఉందన్నమాట. లంకల్లో అమ్మే పాత మిషన్లకైతే ఇది తప్పకుండా చూసుకోవాలి.

ఇప్పటికైతే నేను మోటారు పెట్టించను. పాప బడికి వెళ్ళాక నేను కూడా బయటివాళ్ళకి జాకెట్లు కుట్టాలనుకుంటే, అప్పుడు తోటికోడల్ని అడిగి మళ్ళీ ఆలోచిస్తాను. పెట్టించినా తోలు బెల్టు మాత్రం తీయించను. మోకాలు ఇలాగే లాగితే ఆ ఆలోచన కాస్త ముందే రావచ్చు.