పిల్లులకు 2 లీటర్ల స్టీలు నీళ్ళ ఫౌంటెన్: కొనొచ్చు, కానీ కొలత మానొద్దు

విజయవాడ పెట్ షాపుల్లో దొరికే యూఎస్‌బీ మోటారు ఫౌంటెన్లలో పైన స్టీలు పళ్ళెం ఉన్న రకమే తీసుకోండి. ప్లాస్టిక్‌కైతే గీతలు పడి, వాటిలో జిగురు పట్టేస్తుంది. డ్రై ఫుడ్ తినే పిల్లికి ఈ ఫౌంటెన్ మేలే చేస్తుంది. ఆ మేతలో తేమ దాదాపు పదో వంతే, పైగా పారే నీళ్ళంటే కొన్ని పిల్లులకు మహా ఇష్టం.

తిప్పలన్నీ మోటారుతోనే. గుంటూరులో బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో ఇంపెల్లర్ (మోటారులో నీళ్ళను తోసే చిన్న చక్రం) మీద తెల్లగా ఉప్పు పేరుకుని ధార సన్నబడుతుంది. వారానికోసారి ఊడదీసి పాత టూత్ బ్రష్‌తో రుద్దాలి. అప్పటికీ వదలకపోతే వెనిగర్, నీళ్ళు సమపాళ్ళలో కలిపి అరగంట నానబెట్టి, వాసన పోయేదాకా కడగాలి. కరెంటు పోతే ధార ఆగుతుంది కాబట్టి పక్కన మామూలు గిన్నె తప్పనిసరి.

అసలు లోపం వేరే. తరిగినంతా మళ్ళీ పోస్తూ ఉంటే పిల్లి ఎంత తాగిందో తెలియదు. రోహిణీ కార్తె ఎండలకు తాగుతోందిలే అని సరిపెట్టుకుంటారు. ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లికి దాహం పెరిగితే ముందు అనుమానించాల్సినవి కిడ్నీ జబ్బు, షుగరు, థైరాయిడ్ ఎక్కువవడం. ఆపరేషన్ చేయించని ఆడపిల్లికైతే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు, అది ప్రాణం మీదికి వచ్చే జబ్బు. స్టెరాయిడ్ మందులతోనూ దాహం పెరుగుతుంది.

అందుకే అప్పుడప్పుడు రెండు మూడు రోజులు ఫౌంటెన్ ఆపి కొలవండి. ఒకేలాంటి రెండు గిన్నెల్లో 500 మి.లీ. చొప్పున పోసి, రెండోదాన్ని పిల్లికి అందకుండా పక్కనే జాలీ కింద ఉంచండి. 24 గంటలయ్యాక రెండింటిలో మిగిలిన నీళ్ళ మధ్య తేడాయే పిల్లి తాగినది. ఆవిరైన నీళ్ళు లెక్కలోకి రావు. కిలో బరువుకు రోజుకు 100 మి.లీ. దాటితే, అంటే 4 కిలోల పిల్లి 400 మి.లీ. పైగా తాగితే, డాక్టరుకు చూపించాల్సిందే. వెట్ ఫుడ్ తినే పిల్లికి అందులో సగం కూడా ఎక్కువే.

అక్కడ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్త పరీక్ష) ఒక్కటే చేయించి వచ్చేయకండి, మూత్ర పరీక్ష కూడా చేయించండి. మూత్ర సాంద్రత, అంటే మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే అంకె, 1.035 కంటే తక్కువుంటే కిడ్నీలను అనుమానించాలి. భయంతో కూడా పిల్లి రక్తంలో చక్కెర పెరుగుతుంది కాబట్టి, మూత్రంలోనూ చక్కెర ఉందేమో చూడమనండి. ముసలి పిల్లికి థైరాయిడ్ కోసం చేసే టీ4 రక్త పరీక్ష కూడా అడగండి. రిపోర్టులు వచ్చేదాకా ఎక్కువ తాగుతోందని నీళ్ళు మాత్రం తీసేయొద్దు. ఒంట్లో నీరు బయటికి పోతోంది కాబట్టే అంత తాగుతోంది, గిన్నె తీసేస్తే ఒకటి రెండు రోజుల్లోనే నీరసించిపోతుంది.